రెండో నోరు

ఈ బెంగాలీ రైల్వే ఊళ్ళో మే నెల వచ్చిందంటే మా ప్రేమ్ బజార్‌కి కునుకు పట్టేస్తుంది. పరీక్షలు రాసేసిన పిల్లలు పెట్టెలు సర్దుకుని రైళ్ళెక్కేస్తారు. జిరాక్సు మిషను చల్లబడుతుంది. ఎగ్ రోల్ వాడు పెనం బోర్లిస్తాడు. కాలేజీ గేటుకి ఎదురుగా ఉన్న నా సైకిల్ షాపుకి ఈగలు తప్ప ఎవరూ రారు. వాటికి గాలి అక్కర్లేదు.

ఆ కునుకులో ఉండగా దిగుతారు సమ్మర్ పిల్లలు. ఏవేవో ఊళ్ళ కాలేజీల్లో రెండో ఏడో మూడో ఏడో చదివేవాళ్ళు, రెండు నెలలకని వస్తారు. ఒక్కొక్కరిని ఒక్కో ప్రొఫెసరు కింద వేస్తారు. ఆ ప్రొఫెసరు చేసే పరిశోధనలో ఒక మూల వీళ్ళకి అప్పజెబుతారు. ఆఖర్న అందరి ముందూ నిలబడి ఏం చేశారో చెప్పాలి. మొదట్లో నాకిది వింతగా ఉండేది. తర్వాత బోధపడింది. మా నాన్న రైల్వే వర్క్‌షాపులో చేరినప్పుడు ఆయన్ని కూడా ఒక మిస్త్రీ కింద వేశారట. మిస్త్రీ తిడుతుంటే నేర్చుకోవాలి, అడిగినప్పుడు సుత్తి అందించాలి. ఇదీ అంతే. సుత్తి బదులు కంప్యూటరు, తిట్ల బదులు ఈమెయిలు.

నేను ఏ మిస్త్రీ కిందా నిలవలేదు. ఎనిమిదో తరగతి మధ్యలో బడి వదిలేశాను. బడే నన్ను వదిలించుకుందని మా అమ్మ సవరిస్తుంది. హాజరు పిలిచేటప్పుడు రాని వాళ్ళందరి తరఫునా తలో గొంతుతో నేనే పలికేవాణ్ణి. మా మాస్టారికి అన్ని గొంతులు నచ్చలేదు.

మూడేళ్ళ కిందట అలాంటి ఒక మేలో, మిట్టమధ్యాహ్నం, ఒక అమ్మాయి సైకిలు తోసుకుంటూ వచ్చింది. మొహమంతా చెమట, చేతులనిండా గ్రీజు.

"భయ్యా... చెయిన్... గిర్ గయా" అంది, ఒక్కో మాటా కూడబలుక్కుని.

ఎక్కడ పడిపోయింది, వెతికావా అని నేనూ హిందీలోనే అడిగాను. ఆ పిల్ల బిక్కమొహం వేసి చెయిను చూపించింది. అది ఊడి వేలాడుతోంది. నేను చెయినుని చూసి, ఇదిగో ఇక్కడే ఉందిగా, పోలేదు అన్నాను. అమ్మాయి పక్కకి తిరిగి తనలో తను అనుకుంది.

"ఈ ముసలాయనకి చెయిను ఊడటమంటే ఏంటో కూడా తెలీదు. నా ఖర్మ."

తెలుగు! అదీ గుంటూరు వైపు తెలుగు, ఆవకాయలా ఉంది.

"సెయినంటే తెలుసు తల్లీ" అన్నాను. "ముసలాయనంటే ఎవులో అదే తెలీడం నేదు."

ఆ పిల్ల నాలుక కరుచుకుంది. అంతలోనే కళ్ళు పెద్దవి చేసుకుని, పారిపోతానేమోనన్నట్టు నా షాపు గుమ్మానికి అడ్డంగా నిలబడింది.

"మీరు తెలుగువాళ్ళా అంకుల్? నేను మీ కోసమే వచ్చాను!"

నా కోసం ఎవరైనా వెతుక్కుంటూ వచ్చారంటే మా ఇంట్లో ముందు తలుపేసుకోవడం అలవాటు. కానీ షాపుకి తలుపు లేదు, షట్టరే. అది కూడా సగం దిగి ఆగిపోతుంది.

సంగతేమిటంటే, ఆ అమ్మాయిది తెనాలి దగ్గర పల్లె. కంప్యూటర్ల చదువు, మూడో ఏడు అయిపోయింది. సమ్మర్ ప్రోగ్రాంలో సీటొచ్చి ఒక బెంగాలీ మేడమ్ కింద పడింది. ఆ మేడమ్ పరిశోధన మా ఊరి మాటల మీద. రైలు పట్టాలు పడ్డప్పట్నుంచీ ఇక్కడికి తెలుగువాళ్ళు, ఒడియావాళ్ళు, బీహారువాళ్ళు వచ్చి చేరారు కదా, పక్కపక్కన బతికి బతికి వీళ్ళ భాషలు ఏమయ్యాయని ఆవిడ కూపీ లాగుతోంది. తెలుగు వంతు ఈ పిల్లకి వచ్చింది. వర్క్‌షాపుల్లో పనిచేసిన శ్రీకాకుళం, విజయనగరం కుటుంబాలు ఏ పనిముట్టుని ఏమంటాయి, ఏ వస్తువుని ఏమంటాయి, అన్నీ రాసుకోవాలి.

"అంటే మేం మాటాడితే నువ్వు రాసుకుంటావు. అదే పరిశోదనా?"

"అంతే అంకుల్."

"దీనికి సదువెందుకు తల్లీ? మా యింటిది పాతికేళ్ళుగా నా మాటలన్నీ గురుతెట్టుకుని మళ్ళీ నాకే అప్పజెబుతాది."

అమ్మాయి నవ్వి, సంచీలోంచి ఒక నోటుబుక్కు తీసి చూపించింది. ప్రతి పేజీలోనూ గీతలు గీసి మూడు గళ్ళు చేసింది. మొదటి గడిలో మాట. రెండో గడిలో అది ఎవరి నోట విన్నది. మూడో గడి మీద 'రెండో నోరు' అని రాసి ఉంది.

ఇది మేడమ్ పెట్టిన పద్ధతి. ఏ మాటైనా ఒక మనిషి చెప్తే చాలదు. ఇంకో మనిషి కూడా అదే మాట అనాలి. రెండో నోరు పలికేదాకా అది మాట కాదు, ఒట్టి చప్పుడు.

ఆ రోజు నుంచి సాయంత్రమయ్యేసరికి అమ్మాయి నా షాపు దగ్గర తేలేది. పక్కనే నా చిన్ననాటి స్నేహితుడి టీ కొట్టు. వాడూ తెలుగువాడే, కాకినాడ వైపు నుంచి వచ్చిన క్రైస్తవుల కుటుంబం, వాళ్ళ నాన్న రైల్వే ఆసుపత్రిలో పనిచేశాడు. మా ఇద్దరి మధ్యా ఒక బెంచీ. పొద్దున నాది, సాయంత్రం వాడి గిరాకీలది. ఆ బెంచీ మీదే ఒక రోజు టీ తాగుతూ ఆ పిల్ల తన గోడు చెప్పింది.

"మా నాన్న హైదరాబాదులో కోచింగ్‌లో చేరమంటున్నారు అంకుల్. సాఫ్ట్‌వేర్ ఉద్యోగాలకి. నాకేమో భాషల మీద చదవాలనుంది. మేడమ్ నా పని బాగుందని ఉత్తరం రాసిస్తే పై చదువుకి దరఖాస్తు పెట్టుకోవచ్చు. రాయకపోతే జులైలో కోచింగే."

"ఒక్క వుత్తరానికే?"

"మా నాన్న అదే అన్నారు. 'ఆ ప్రొఫెసరమ్మ నీకిది అబ్బుతుందని రాసిస్తే నేను అడ్డురాను' అని."

అంత స్పష్టంగా చెప్పింది. నేను విన్నాను కూడా. విని ఏం చేశానో ఇప్పుడు చెప్పాలి.

మొదటి వారం నేను చెప్పినవన్నీ నిజమైన మాటలే. కానీ సైకిల్ షాపులో నిజమైన మాటలు ఎన్నుంటాయి? పంపు పంపే. ప్యాచ్ ప్యాచే. స్పానర్ని పానా అంటాం, దేశమంతా అంటుంది. ఆ పిల్ల పెన్ను పట్టుకుని నా నోటివంక చూస్తూ కూర్చునేది. జీవితంలో మొట్టమొదటిసారి ఒక చదువుకున్న మనిషి నేనన్న మాటని నోటుబుక్కులో ఎక్కిస్తోంది. ఉత్త చేతుల్తో ఎలా పంపను?

"అంకుల్, దీన్నేమంటారు?" అని ట్యూబు ప్యాచ్ చూపించింది ఒక సాయంత్రం.

"అత్తగారు" అన్నాను.

"అత్తగారా?"

"ఒకపాలి అంటుకుందంటే మరి వూడదు."

నవ్వుతుందనుకున్నాను. రాసుకుంది.

ఇంక నా నోరు నా మాట వినలేదు. పంపు 'బావ' అయింది, గాలి కొట్టడం తప్ప వేరే పని తెలీదు కాబట్టి. ప్యాచ్ అంటించే జిగురు ట్యూబు 'వియ్యంకుడు', ఎంత నొక్కినా చుక్క రాలదు. టైరు విప్పడానికి రిమ్ములో దూర్చే ఇనప పట్టీ 'ఆడపడుచు', అతుక్కున్న ఇద్దరి మధ్యా దూరి విడదీస్తుంది. పంక్చరు పట్టే నీళ్ళ బేసిను 'అమ్మమ్మ', ఒళ్ళో పడుకోబెడితే చిల్లు ఎక్కడుందో చెప్పేస్తుంది. పెద్ద సుత్తి 'మావయ్య', మాట వినని వాళ్ళకి ఆయనే సమాధానం. ఇలా పదకొండు. ఒక్కోటీ చెప్పేటప్పుడు నేను మొహం బిగించేవాణ్ణి. మా టీ వాడు కెటిలు వెనక దాక్కునేవాడు.

రెండో నోరు కోసం అమ్మాయి ఎక్కడికో వెళ్ళక్కర్లేకపోయింది. రెండడుగులు పక్కకి వేస్తే టీ కొట్టు.

"అంకుల్, మీరు సైకిలు ప్యాచ్‌ని ఏమంటారు?"

"అత్తగారమ్మా" అన్నాడు వాడు, బైబిల్ మీద చెయ్యేసినంత గంభీరంగా. "మా అమ్మ కూడా అలగే అనీది."

మూడో గడి నిండిపోయింది.

ఆదివారాలు ఆ పిల్లని తాల్‌బగీచాలో మా ఇంటికి తీసుకెళ్ళేవాణ్ణి, మా అమ్మ దగ్గరికి. మా అమ్మకి ఎనభై దాటాయి. కళ్ళు మసకబారాయి గాని నోరు మాత్రం కొత్త బ్లేడు. మొదటి రోజే అడిగింది.

"మీ వూరేటమ్మా?"

"మా ఊరికి ఏరు లేదండి. కాలవుంది" అంది అమ్మాయి వినయంగా.

మా అమ్మ నావైపు తిరిగింది. "ఈ గుంట సెవిటిదేటిరా?"

ఏటి అంటే ఏమిటి అని, ఇందులో ఏరూ కాలవా లేవని తేల్చుకునేసరికి మా ఆవిడ వంటింట్లో కూలబడి నవ్వుతోంది. ఆ మాటని అమ్మాయి పెద్ద అక్షరాలతో రాసుకుంది.

మా అమ్మ చెప్పినవి ఇంకో రకం మాటలు. వర్క్‌షాపు సైరన్ని ఆవిడ 'బూరా' అంటుంది. గడియారం లేని రోజుల్లో కాలమంతా బూరా మీదే. మొదటి బూరాకి పొయ్యి రాజెయ్యాలి, రెండో బూరాకి క్యారేజీ గుమ్మంలో ఉండాలి. "ఈడు మూడో బూరాకి పుట్టినాడు" అని నన్ను చూపించింది. "అందుకే నోరు ముయ్యడు." మా వీధిలో ముసలమ్మలందరూ బూరా అనే అన్నారు. ఆ మాటకి రెండో నోరు కాదు, తొమ్మిది నోళ్ళు దొరికాయి.

ఇంతలో అమ్మాయి ప్రసంగానికి పన్నెండు రోజులే మిగిలాయి. ఆ సాయంత్రం సైకిలు స్టాండు కూడా వెయ్యకుండా గోడకి పడేసి పరిగెత్తుకుంటూ వచ్చింది.

"బాబాయ్!" అంకుల్ ఎప్పుడు పోయిందో నేను చూసుకోలేదు. "మేడమ్‌కి మీ మాటలు ఎంత నచ్చాయో తెలుసా? మొత్తం నా ప్రసంగమంతా వాటి మీదే చెయ్యమన్నారు!"

"ఏ మాటలు?"

"అత్తగారు, ఆడపడుచు, మావయ్య! మేడమ్ ఏమన్నారంటే, మీవాళ్ళు చుట్టాలందర్నీ ఊళ్ళో వదిలేసి ఇంత దూరం వచ్చారు కదా, ఆ వెలితి పూడ్చుకోడానికి పనిముట్లని చుట్టాల పేర్లతో పిలుచుకున్నారట. ఇలాంటిది ఇంతవరకూ ఎవరూ పట్టుకోలేదట!"

కెటిలు వెనక నుంచి టీ వాడు లేచి నిలబడ్డాడు.

"మరి మా యమ్మ సెప్పిన మాటలు?" అన్నాను.

"టైము చాలదు బాబాయ్. పదిహేను నిమిషాలే ఇస్తారు. బూరా అవీ తీసేశాను. ఆఖరి పేజీలో ఒక పక్కన పెడతాను."

ఆ పిల్ల వెళ్ళిపోయాక మేమిద్దరం బెంచీ మీద కూర్చున్నాం. టీ వాడు గ్లాసు తుడుస్తూనే ఉన్నాడు, అరిగిపోయేటట్టు.

"సెప్పకు" అన్నాడు చివరికి. "ఎవులికి తెలస్తాది? రెండు నెలల బాగోతం. వుత్తరం వొచ్చీస్తాది, గుంట ఎల్లిపోతాది."

"నువ్వు రెండో నోరువి కాదేట్రా?"

"నాను ఆదోరం సర్చిలో ఒప్పీసుకుంటాను. నువ్వెక్కడ ఒప్పుకుంటావో సూసుకో."

ఇంటికి వెళ్తే మా అమ్మ అరుగు మీద కూర్చుని ఉంది. "ఆ గుంట నా మాటలు ఆళ్ళ మేడమ్‌కి సూపించినాదేట్రా? నా పేరు రాస్తాదంటావా?" అని అడిగింది. నిశాని తప్ప సంతకం తెలియని మనిషి. నేను చెప్పిన అబద్ధాలు కుర్చీలు వేసుకుని కూర్చుంటే, ఆవిడ చెప్పిన నిజాలు ఆఖరి పేజీలో నిలబడబోతున్నాయి. అన్నం తిన్నాను గాని ఏ కూరో గుర్తు లేదు.

మర్నాడు అమ్మాయి రాగానే చెప్పేశాను. ఎలా మొదలుపెట్టాలో తెలీక పంపు చేతిలో పట్టుకున్నాను.

"తల్లీ, ఇది బావ కాదు."

"అంటే?"

"పంపే. పంపునే అంటాం. అత్తగారూ కాదు, అది ప్యాచ్. ఆడపడుసూ నేదు, వియ్యంకుడూ నేడు. నవ్వుతాలకి అన్నాను. నువ్వు నవ్వుతావనుకున్నాను. నువ్వు రాసీసుకున్నావు."

"పదకొండూ?"

"పదకొండూ."

టీ కొట్టు వైపు చూసింది. టీ వాడు తల దించుకుని, "నాను వుత్త వొంత పాడినానమ్మా" అన్నాడు.

ఆ పిల్ల ఏడిస్తే బాగుండేది. తిట్టినా బాగుండేది, తిట్లకి నేను జవాబు చెప్పగలను. నోటుబుక్కు మూసి సంచీలో పెట్టుకుంది. సైకిలెక్కకుండా, తోసుకుంటూ గేటులోకి వెళ్ళిపోయింది. టైర్లలో గాలి బాగానే ఉంది, పొద్దునే నేనే కొట్టాను.

రెండు రోజులు రాలేదు. మూడో రోజు నేను ఇస్త్రీ చొక్కా వేసుకుని, షట్టరు దాని ఇష్టం ఉన్నంతవరకూ దించి, గేటు దాటాను. ముప్పై ఏళ్ళుగా ఆ గేటుకి ఎదురుగా ఉన్నాను గాని లోపల ఏ ప్రొఫెసరు గది గుమ్మమూ తొక్కలేదు. చెట్ల కింద రోడ్లు, పొడుగాటి వరండాలు. అడుగడుగునా అడుక్కుంటూ వెళ్ళి ఆవిడ గది తలుపు తట్టాను. మేడమ్‌కి నా వయసే ఉంటుంది. నూలు చీర, ముక్కు కొసన కళ్ళద్దాలు. నాకు బెంగాలీ వచ్చు గాని ఆ రోజు వచ్చిన బెంగాలీ అంతా ఎగిరిపోయింది. సగం హిందీ, సగం బెంగాలీ కలిపి చెప్పాను: నేను సైకిల్ షాపువాణ్ణి. ఆ మాటలు నా పుర్రెలో పుట్టినవి. పిల్ల తప్పు లేదు. పిల్ల ఉత్తరం ఆపొద్దు.

ఆవిడ కళ్ళద్దాలు పైకి తోసుకుంది.

"నాకు తెలుసు దాదా. మొన్న సాయంత్రమే వచ్చి చెప్పింది. పదకొండు మాటలూ నా ముందే కొట్టేసింది."

"మీరు తిట్టారా?"

"తిట్టాను, నన్ను నేనే. నలభై మంది పిల్లలకి ఈ రెండో నోరు పాఠం చెప్పాను. రెండు నోళ్ళూ ఒకే బెంచీ మీద కూర్చుని టీ తాగుతున్నాయేమో చూసుకోమని మాత్రం ఒక్కరికీ చెప్పలేదు. పైగా ఆ వెలితి అదీ అని అంత కథ అల్లుకున్నాను, అది ఇంకా సిగ్గు." కాసేపు నా చొక్కా మడతల వంక చూసి, "ఆడపడుచు మాత్రం చాలా బాగుంది" అంది. నాకూ ఒక ఆడపడుచు ఉందిలే అన్నట్టు ఆవిడ పెదవి ఒక పక్కకి వంగింది.

తర్వాత మామూలు మొహం పెట్టుకుని అడిగింది. "ఎనిమిది రోజులుంది. మీ అమ్మగారు ఎక్కడుంటారు?"

ఆ సాయంత్రమే మేడమూ అమ్మాయీ తాల్‌బగీచా వచ్చారు. అమ్మాయి నాతో మాట్లాడలేదు గాని, మా ఆవిడ ఇచ్చిన పకోడీలు నావైపు జరిపింది. మేడమ్ మా అమ్మ పక్కనే చాప మీద కూర్చుంది. బూరా సంగతులన్నీ మళ్ళీ మొదటినుంచీ అడిగించుకుంది. అమ్మాయి తెలుగులో విని హిందీలో చెప్పడం, మేడమ్ రాసుకోవడం. మా అమ్మకి హుషారొచ్చి, నన్ను కన్న రోజు గురించి చెబుతూ మళ్ళీ కన్నంత పని చేసింది.

చివర్లో నా ఘనకార్యం కూడా మా అమ్మ ముందు పెట్టారు. కొట్టేసిన పదకొండు మాటలూ అమ్మాయి ఒక్కొక్కటే చదివింది. ఒక్కోదానికీ మా అమ్మ నాకో మొట్టికాయ.

"పంపు బావేట్రా? మీ బావ వింటే వూరుకుంటాడేట్రా?" మొట్టికాయ.

"అమ్మమ్మ బేసినా! ఎదవా!" రెండు మొట్టికాయలు.

"పెద్ద సుత్తి, మావయ్య" చదివింది అమ్మాయి.

మా అమ్మ చెయ్యి గాల్లోనే ఆగిపోయింది.

"అది నిజిమే కదా" అంది.

"ఏది నిజిమేటి? నాను పుట్టించినాను" అన్నాను.

"నువ్వు పుట్టించీదేటిరా? మీ యయ్య గేంగంతా అదే అనీవోరు. ఇరుక్కున్న పిన్ను రాకపోతే 'మావయ్యని పిలండ్రా' అని కేకేసీవోరంట. ఇంటికొచ్చి సెప్పి నవ్వీవోడు. నీకు నాలుగేళ్ళు, ఆయన వొళ్ళో కూకునీవోడివి."

నాకు ఏమీ గుర్తు లేదు. నాన్న ఒడి గుర్తు లేదు, ఆ కేక గుర్తు లేదు. నా సొంత బుర్రలో పుట్టిందని యాభై ఏళ్ళు దాటాక గర్వంగా చెప్పిన జోకు, ఆయన వదిలేసి వెళ్ళిన పాత సుత్తి. నేను పకోడీల పళ్ళెం పక్కకి జరిపేశాను. మా ఆవిడ వంటింట్లోంచి తొంగి చూసింది, ఒంట్లో బాలేదేమోనని.

"దీనికి రెండో నోరు కావాలి" అంది అమ్మాయి పెన్ను తీసి. అంత దెబ్బ తిన్నాక కూడా! "ఒకే ఇంటివాళ్ళు కాకూడదు. ఒకే బెంచీ కాకూడదు."

నాన్నతో పనిచేసినవాళ్ళలో మిగిలింది ఒకే ఒకాయన, ఊళ్ళోనే ఇందా అనే పేటలో ఉంటాడని మా అమ్మే చెప్పింది. బెంగాలీ ముసలాయన. మర్నాడు నేనూ అమ్మాయీ ఆటోలో వెళ్ళాం. నన్ను నోరు తెరవొద్దని అమ్మాయి మా అమ్మ చేత ముందే షరతు పెట్టించింది. నా బతుకులో అదే పెద్ద ప్రయాణం. ముసలాయన మనవరాలి చేత కుర్చీలు వేయించాడు. అమ్మాయి పెద్ద సుత్తి బొమ్మ చూపించి, దీన్ని మీతో పనిచేసిన తెలుగువాళ్ళు ఏమనేవారు అని మాత్రం అడిగింది.

ఆయన బొమ్మని దూరంగా పట్టుకుని చూశాడు. తలాడించాడు, గుర్తులేదన్నట్టు. నా గుండెల్లో గాలి దిగిపోతోంది. ఆయన బొమ్మ తిరిగి ఇచ్చేస్తూ, రెండు చేతులూ నోటి దగ్గర దొన్నెలా పెట్టుకుని, ఇల్లు అదిరేలా అరిచాడు.

"మావోయ్యా కే డాకో రే!"

మావయ్యని పిలవండ్రా అని. ఆ కేకకి లోపలనుంచి మనవరాలు పరిగెత్తుకొచ్చింది. ముసలాయన పళ్ళులేని నోటితో నవ్వుతూనే ఉన్నాడు. అమ్మాయి మూడో గడి నింపి, అప్పుడు, నాలుగు రోజుల తర్వాత మొదటిసారి, నాతో మాట్లాడింది.

"పదకొండులో ఒకటి పాసయ్యారు బాబాయ్."

"బళ్ళో కంటే నయిమే" అన్నాను.

ప్రసంగం రోజున మా అమ్మ రాలేనంది. నేనూ టీ వాడూ వెళ్ళి హాల్లో ఆఖరి వరసలో కూర్చున్నాం. బళ్ళో కూడా అదే నా వరస. ముందు ఎవరెవరో సమ్మర్ పిల్లలు వంతెనల మీదా బ్యాటరీల మీదా చెప్పారు. చప్పట్లు కొట్టినప్పుడల్లా మేమూ కొట్టాం. మావాడు ఒకసారి ముందే కొట్టేశాడు. తర్వాత మా అమ్మాయి లేచింది. తెర మీద మొట్టమొదటి మాట బూరా, దాని కింద మా అమ్మ పేరు, అంతంత అక్షరాలతో. ఇంటికెళ్ళి చూపించడానికి ఫోనులో ఫోటో తీశాను. ఒకటి చాలదని రెండోది కూడా తీశాను.

చివర్లో ఆ పిల్ల ఇంకో పేజీ వేసింది. నా పదకొండు మాటలు, పదింటి మీద అడ్డగీత. "ఇవి నన్ను మోసం చేసిన మాటలు" అంది ఇంగ్లీషులో, మావాడికి నేను తెలుగు చేశాను, నాకు అంతకుముందే పక్క కుర్రాడెవరో హిందీ చేశాడు. ప్యాచ్‌ని అత్తగారు ఎందుకన్నారో చెప్పేసరికి హాలు గొల్లుమంది. ఆ తర్వాత పదకొండో మాట ఎలా బతికి బయటపడిందో చెప్పింది. అప్పుడెవరూ నవ్వలేదు. ముందు వరసలో మేడమ్ కళ్ళద్దాలు తీసి కొంగుతో తుడుచుకుంటోంది. అద్దాల్నే లెండి.

ఉత్తరం వచ్చింది. తెచ్చి నాకు చదివి వినిపించింది. అందులో ఒక ముక్క నాకు అర్థమయ్యేలా తెలుగులో చెప్పమన్నాను. "తనకి బాగా నచ్చినదాన్ని తన చేత్తోనే కొట్టెయ్యగలదు అని రాశారు బాబాయ్." వాళ్ళ నాన్న మాట మీద నిలబడ్డాడు. ఆ పిల్ల ఇప్పుడు హైదరాబాదులోనే ఉంది, కోచింగ్‌లో కాదు, యూనివర్సిటీలో. నెలకోసారి ఫోను చేస్తుంది. నాతో రెండు నిమిషాలు, మా అమ్మతో అరగంట.

నేను మారానని అనుకోకండి. ఆ మాటలు కొట్టేశారని ఊరుకోబుద్ధి కాలేదు. షాపుకొచ్చే ప్రతి పిల్లకీ పిల్లాడికీ అత్తగారు అనే చెప్పేవాణ్ణి, జోకని చెప్పి మరీ. ఈ మేలో మళ్ళీ సమ్మర్ పిల్లలు దిగారు. మొన్న ఒకమ్మాయి, నాసిక్ నుంచి వచ్చిందట, తెలుగు ముక్క రాదు, ముందెన్నడూ నా షాపుకి రాలేదు. టైరు చూపించి, "దాదా, ఏక్ అత్తగారు లగా దో" అంది.

చేతిలో పానా వదిలేసి హైదరాబాదుకి ఫోను కలిపాను.

"తల్లీ! నువ్వు కొట్టీసిన మాట లేచి కూకున్నాది! మరాఠీ గుంట, నాను సెప్పనేదు. రాసుకో, రెండో నోరు!"

అవతల ముందు నవ్వు వినపడింది. తర్వాత గుంటూరు వైపు గొంతు, మేడమ్ గొంతుకి అచ్చుగుద్దినట్టు.

"ఆ అమ్మాయి టీ ఎక్కడ తాగింది బాబాయ్?"

వెనక్కి తిరిగి చూశాను. నాసిక్ పిల్ల బెంచీ మీద కాలు మీద కాలేసుకుని కూర్చుని ఉంది. ఖాళీ అయిన రెండో గ్లాసు పక్కన పెడుతోంది. మా టీ వాడు కెటిలు వెనక్కి జారుకుంటున్నాడు.

"ఈ నోరు సెల్లదు తల్లీ" అన్నాను. "ఇంకో నోరు సూస్తాను."